పాత హార్డ్‌డిస్క్‌లో ఫోల్డర్ తెరవబోతే అడ్మిన్ పర్మిషన్ అడుగుతోంది, కంటిన్యూ నొక్కొచ్చా?

స్టూడియో_తెనాలి

అందరికీ నమస్కారం. మాది ఫోటో స్టూడియో. షాపులో పాత విండోస్ 7 సిస్టమ్ మదర్‌బోర్డు పోయింది. హార్డ్‌డిస్క్ మాత్రం బాగానే ఉందన్నారు, అందుకని దాన్ని తీసి యూఎస్‌బీ కేస్‌లో పెట్టి కొత్త విండోస్ 11 సిస్టమ్‌కి కలిపాను. డ్రైవ్ కనిపిస్తోంది, బయట ఉన్న ఫోల్డర్లు తెరుచుకుంటున్నాయి. పెళ్లి ఆల్బమ్‌లన్నీ మాత్రం యూజర్స్‌లో మా పాత అకౌంట్ పేరు మీద ఉన్న ఫోల్డర్‌లో, పిక్చర్స్ లోపల ఉన్నాయి. ఆ పేరు మీద డబుల్ క్లిక్ చేస్తే ఈ ఫోల్డర్ తెరవడానికి ప్రస్తుతం మీకు పర్మిషన్ లేదు, శాశ్వతంగా యాక్సెస్ కావాలంటే కంటిన్యూ నొక్కండి అని ఇంగ్లీషులో వస్తోంది. బటన్ మీద షీల్డ్ బొమ్మ కూడా ఉంది. శాశ్వతంగా అన్న మాట చూసి ఆగిపోయాను.

అదే డిస్క్‌లో రెండో పార్టిషన్‌లో ఒక ఫోల్డర్ డిలీట్ చేయబోతే ఇంకో రకం. ఎస్ 1 5 21 అని మొదలయ్యే పొడుగాటి నంబరు దగ్గర పర్మిషన్ తీసుకోవాలట. ఆ నంబరు ఎవరిదండీ? ఈ కంప్యూటర్‌కి నేనే అడ్మిన్ని, ఫైళ్లు కూడా నావే, మరి ఎవరిని అడగాలి? ఒక ఆల్బమ్ డెలివరీ ఇవ్వాల్సి ఉంది, పార్టీ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

కూకట్‌పల్లి_కుర్రాడు

అన్నా సింపుల్. కంట్రోల్ ప్యానెల్‌లో యూజర్ అకౌంట్స్‌కి వెళ్లి యూఏసీ (అడ్మిన్ పనికి ముందు ఎస్ ఆర్ నో అడిగే ఏర్పాటు) స్లైడర్ పూర్తిగా కిందికి దించేయ్, ఈ గోలంతా ఉండదు. నా ల్యాప్‌టాప్‌లో ఎప్పుడూ అలాగే ఉంటుంది. అది కుదరకపోతే రైట్ క్లిక్‌లో టేక్ ఓనర్‌షిప్ (ఫైల్‌కి మనల్నే యజమానిగా చేసే ఆప్షన్) వచ్చే రిజిస్ట్రీ ఫైల్ నెట్‌లో దొరుకుతుంది, అది వేసుకుని డ్రైవ్ మొత్తానికి ఒకేసారి కొట్టెయ్.

హార్డ్‌వేర్_రాజమండ్రి

స్టూడియో గారూ, ప్రస్తుతానికి రెండూ చేయకండి. తమ్ముడు చెప్పిన మొదటిది ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం. రెండోదాని సంగతి తర్వాత చెప్తాను. ముందు మీకు వచ్చిన రెండు మెసేజ్‌లూ ఏంటో చూద్దాం, ఎందుకంటే పైకి అన్నీ ఒకేలా పర్మిషన్ అని అడిగినా లోపల సంగతులు వేరు.

మీరు అడ్మిన్ అకౌంట్‌తో లాగిన్ అయినా విండోస్ మీకు రెండు టోకెన్లు, అంటే హక్కుల చీటీల్లాంటివి, తయారు చేస్తుంది. ఒకటి మామూలు యూజర్ హక్కులున్నది, ఇంకోటి పూర్తి అడ్మిన్ హక్కులున్నది. మీరు ఫోల్డర్లు తెరిచే ఎక్స్‌ప్లోరర్, మీ ఫోటోషాప్, బ్రౌజర్ అన్నీ ఆ మామూలు టోకెన్ మీదే నడుస్తాయి. షీల్డ్ ఉన్న బటన్ నొక్కి, స్క్రీన్ నల్లబడి, ఎస్ అన్నాక మాత్రమే ఆ ఒక్క పనికి పూర్తి టోకెన్ వాడతారు. నేనే అడ్మిన్ కదా, మళ్లీ నన్నే ఎందుకు అడుగుతోంది అన్నదానికి ఇదే జవాబు. మీరు నడిపే ప్రతి ప్రోగ్రామ్‌కీ మీ అడ్మిన్ హక్కులు ఊరికే అంటుకోకుండా ఉండటానికే ఈ ఏర్పాటు.

ఇక ఆ నంబరు. విండోస్‌కి మీ అకౌంట్ పేరుతో పని లేదు, ప్రతి అకౌంట్‌కీ ఎస్ఐడీ అని ఒక నంబరు ఇస్తుంది, ఫైళ్ల మీద హక్కులన్నీ ఆ నంబరు పేరు మీదే రాసుకుంటుంది. పాత సిస్టమ్‌లో మీ అకౌంట్‌కి ఒక నంబరు, కొత్త సిస్టమ్‌లో ఇంకో నంబరు. పేరు రెండిట్లో ఒకటే పెట్టుకున్నా అంతే. పాత నంబరు ఎవరిదో కొత్త విండోస్‌కి తెలియదు కాబట్టి పేరు బదులు నంబరే చూపిస్తోంది. అంటే ఆ నంబరు మీదేనండీ, పాత కంప్యూటర్‌లో ఉన్న మీరే. అడ్మినిస్ట్రేటర్స్ అనే గ్రూప్ నంబరు మాత్రం ప్రపంచంలో ఏ విండోస్‌లో అయినా ఒకటే, ఎస్ 1 5 32 544. మీ పాత యూజర్ ఫోల్డర్ మీద ఆ గ్రూప్‌కి కూడా హక్కు ఉంటుంది, కాబట్టి కొత్త సిస్టమ్‌లో అడ్మిన్‌గా వెళ్తే లోపలికి పోవచ్చు. ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, కంగారు పడకండి.

కంటిన్యూ నొక్కితే ఏమవుతుందంటే, అది మిమ్మల్ని ఊరికే లోపలికి పంపదు. మీ కొత్త అకౌంట్ నంబరుని ఆ ఫోల్డర్ హక్కుల పట్టికలో చేర్చి, లోపలున్న అన్నిటికీ అదే పాకిస్తుంది. శాశ్వతంగా అన్నది అందుకే. ఫోటోలు వేలల్లో ఉంటే పైన అడ్రస్ బార్‌లో ఆకుపచ్చ గీత చాలాసేపు పాకుతూ ఉంటుంది, చాలామంది అది హ్యాంగ్ అయిందనుకుని కేబుల్ లాగేస్తారు. పాత డిస్క్‌కి అది మంచిది కాదు. మీ డిస్క్ విండోస్ 7 కాలం నాటిది, దాని మీద ఇప్పుడు అనవసరంగా ఏదీ రాయకుండా ఉండటమే నా సలహా. ముందు చదువుకుని బయటికి తెచ్చుకోండి, హక్కుల సంగతి ఆ తర్వాత.

స్టూడియో_తెనాలి

చాలా థ్యాంక్స్ సర్, నంబరు సంగతి ఇప్పుడు అర్థమైంది. మరి కంటిన్యూ నొక్కకుండా లోపలివి బయటికి ఎలా తేవాలి? నాకు కమాండ్లు అలవాటు లేదు, కానీ ఒక్కో మెట్టు చెప్తే చేస్తాను.

హార్డ్‌వేర్_రాజమండ్రి

విండోస్‌తో పాటే వచ్చే రోబోకాపీ అనే కమాండ్ ఉంది, విస్టా నుంచి ప్రతి విండోస్‌లోనూ ఉంది, ఏదీ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు. దాంట్లో బ్యాకప్ మోడ్ అని ఒకటుంది. బ్యాకప్ తీసే ప్రోగ్రాములకి ఫైల్ మీద హక్కు ఉందా లేదా అని చూడకుండా చదివే ప్రత్యేక అధికారం ఉంటుంది, అడ్మిన్‌గా నడిపినప్పుడు రోబోకాపీ దాన్ని వాడుకోగలదు. పాత డిస్క్ మీద ఒక్క హక్కు కూడా మారదు.

స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి, పైన వచ్చిన కమాండ్ ప్రాంప్ట్ మీద రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఎంచుకోండి. స్క్రీన్ నల్లబడి ఎస్ ఆర్ నో అడుగుతుంది, ఎస్ అనండి. విండో టైటిల్‌లో అడ్మినిస్ట్రేటర్ అని కనిపించాలి, లేకపోతే బ్యాకప్ హక్కు లేదని చెప్పి ఆగిపోతుంది. ఇప్పుడు ఎక్స్‌ప్లోరర్‌లో ఆ పాత అకౌంట్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ యాజ్ పాత్ నొక్కండి, తెరవక్కర్లేదు. కమాండ్ విండోలో రోబోకాపీ అని ఇంగ్లీషులో కొట్టి, స్పేస్ ఇచ్చి పేస్ట్ చేయండి. దారి కోట్స్‌లోనే పడుతుంది. చివరి కోట్ ముందు బ్యాక్‌స్లాష్ పెట్టి పిక్చర్స్ అని చేర్చండి. మళ్లీ స్పేస్ ఇచ్చి, కొత్త సిస్టమ్‌లో ఎక్కడ పెట్టాలో ఆ ఫోల్డర్ దారి కోట్స్‌లో ఇవ్వండి. దారి చివర కోట్‌కి ముందు ఉత్తి బ్యాక్‌స్లాష్ మిగలకూడదు, మిగిలితే కమాండ్ తికమక పడుతుంది.

ఆ తర్వాత స్లాష్ ఈ, స్లాష్ బి, స్లాష్ ఎక్స్‌జే, స్లాష్ ఆర్ కోలన్ 1, స్లాష్ డబ్ల్యూ కోలన్ 1. ఈ అంటే లోపలి ఫోల్డర్లన్నీ, ఖాళీవి కూడా. బి అంటే బ్యాకప్ మోడ్. ఎక్స్‌జే అంటే ఫోల్డర్‌లా కనిపించే లింక్‌లని వదిలేయమని. చివరి రెండూ మర్చిపోకండి సర్, పాత డిస్క్‌కి అవే ముఖ్యం. ఒక ఫైల్ చదవలేకపోతే రోబోకాపీ మామూలుగా 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, ప్రతిసారికీ మధ్య 30 సెకన్లు ఆగుతుంది. ఒక్క పాడైన ఫోటో దగ్గరే కూర్చుండిపోతుంది. 1 అని ఇస్తే ఇంకొక్కసారి మాత్రమే ప్రయత్నించి ముందుకి వెళ్తుంది.

ఇలా కాపీ అయినవాటికి పాత హక్కులు రావు, కొత్త ఫోల్డర్ హక్కులే వస్తాయి. అందుకే మళ్లీ పర్మిషన్ అడగదు. పని అయ్యాక కింద ఒక పట్టిక వస్తుంది, ఫెయిల్డ్ కింద సున్నా ఉందో లేదో చూసుకుని చెప్పండి.

కూకట్‌పల్లి_కుర్రాడు

అన్నా మంచి ట్రిక్కే, రోబోకాపీలో ఇది ఉందని తెలీదు. కానీ ఓనర్‌షిప్ తీసుకుంటే తప్పేంటో ఇంకా అర్థం కాలేదు. టేక్‌ఓన్ కమాండ్ కొట్టాక, హక్కులు మార్చే ఐకాకల్స్ కమాండ్‌తో ఫుల్ కంట్రోల్ ఇస్తే అయిపోతుంది కదా. ఫ్రెండ్స్ డ్రైవ్‌లకి చేశాను, ఏమీ కాలేదు.

డాలస్_తెలుగు

ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో ఉత్తి ఫోటోలు, పాటలు ఉంటే నిజంగానే పెద్ద నష్టం లేదు. అదే అలవాటుతో సి డ్రైవ్ మీద కొట్టినప్పుడు వస్తుంది అసలు ముప్పు. ఆఫీసులో ఇలాంటి మెషీన్లు చూశాను, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

యజమాని వేరు, అనుమతి వేరు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో, అంటే విండోస్ డిస్క్ మీద ఫైళ్లు అమర్చుకునే పద్ధతిలో, ప్రతి ఫైల్‌కీ ఒక ఓనర్ ఉంటాడు, ఎవరు ఏం చేయొచ్చో చెప్పే ఒక పట్టిక విడిగా ఉంటుంది. ఓనర్‌కి ఆ పట్టికని మార్చే హక్కు ఎప్పుడూ ఉంటుంది, కానీ పట్టికలో ఓనర్ పేరు లేకపోతే ఫైల్ చదవడానికి కూడా కుదరదు. ఒక్కోసారి మీ పేరే చూపించి ఇతని దగ్గర పర్మిషన్ తీసుకోండి అని వస్తుంది చూడండి, దానికి ఒక కారణం ఇదే. టేక్‌ఓన్ కమాండ్ ఓనర్‌ని మాత్రమే మారుస్తుంది. అది కొట్టి కూడా ఫైల్ తెరుచుకోవట్లేదు అనేవాళ్లందరూ ఐకాకల్స్ దగ్గరికి వచ్చేది అందుకే.

విస్టా నుంచి విండోస్ సొంత ఫైళ్లకి ఓనర్ అడ్మిన్ కూడా కాదు, ట్రస్టెడ్‌ఇన్‌స్టాలర్ అనే సర్వీస్. అప్‌డేట్‌లు పెట్టేది అదే. సి డ్రైవ్ మొత్తానికి ఓనర్‌షిప్ తీసుకుని, లోపలున్న అన్నిటికీ ఇవే హక్కులు వర్తించు అని టిక్ పెట్టారంటే ఒక్కో ఫోల్డర్‌కి విడివిడిగా రాసుకున్న హక్కులన్నీ చెరిగిపోతాయి. తర్వాత స్టార్ట్ మెనూ తెరుచుకోదు, స్టోర్ యాప్‌లు రావు, అప్‌డేట్‌లు ఫెయిల్ అవుతాయి. ఐకాకల్స్‌లో రీసెట్ ఉంది కదా అని విండోస్ ఫోల్డర్ మీద దాన్ని కొడితే ఇంకా ఘోరం, ఎందుకంటే రీసెట్ అంటే పై ఫోల్డర్ నుంచి వచ్చే హక్కులు పెట్టడమే గానీ మైక్రోసాఫ్ట్ మొదట పెట్టిన హక్కులు తిరిగి తేవడం కాదు. రీస్టోర్ పాయింట్ ఉంటే సరే, లేకపోతే మళ్లీ విండోస్ వేసుకోవాల్సిందే. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో విండోస్‌యాప్స్ అనే ఫోల్డర్ లోపల ఏముందో చూద్దామని హక్కులు మార్చి స్టోర్ యాప్‌లన్నీ పోగొట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

తప్పనిసరిగా మార్చాల్సి వస్తే ఆ ఒక్క ఫోల్డర్‌కే మార్చండి, మార్చేముందు ఐకాకల్స్‌లో స్లాష్ సేవ్‌తో పాత హక్కులు ఒక ఫైల్‌లో దాచుకోండి, తేడా వస్తే స్లాష్ రిస్టోర్ ఉంది. ఇలా దాచుకోవచ్చని చాలామందికి తెలియదు.

యూఏసీ గురించి కూడా ఒక మాట. ఎక్స్‌పీ రోజుల్లో దాదాపు అందరం పూర్తి అడ్మిన్‌గానే తిరిగేవాళ్లం, పెన్‌డ్రైవ్ వైరస్‌లు ఎంత సులభంగా పాకేవో గుర్తుండే ఉంటుంది. 2007లో విస్టాతో యూఏసీ వచ్చింది. మొదట్లో నిజంగానే విసిగించింది, రక్షణ ఉన్న చోట ఒక కొత్త ఫోల్డర్ పెట్టి పేరు మార్చడానికి 4 ప్రాంప్ట్‌లు వచ్చేవి, సర్వీస్ ప్యాక్ 1తో దాన్ని 1కి తగ్గించారు. 2009లో విండోస్ 7తో స్లైడర్ ఇచ్చారు. ఇప్పుడు రోజూ ప్రాంప్ట్‌లు వస్తున్నాయంటే చాలావరకు ఫైళ్లు తప్పు చోట పెట్టుకున్నట్టే. స్లైడర్ దించితే ఫైళ్ల చోటు మారదు, అడిగే నోరు మాత్రం మూతపడుతుంది.

లెక్కలు_నెల్లూరు

డాలస్ గారూ, మీరు చివర అన్నదే మా ఇబ్బంది. నేను అకౌంట్స్ చూస్తాను. పాత అకౌంటింగ్ ప్రోగ్రామ్ ఒకటి ఉంది, చిన్న కంపెనీ చేసిచ్చింది, ఇప్పుడు వాళ్లు ఫోన్ ఎత్తరు. అది ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉంది, డేటా కూడా దాని లోపలే డేటా అనే ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది. బ్యాకప్ నుంచి ఫైల్ తెచ్చి అక్కడ పెట్టాలంటే ప్రతిసారీ అడ్మిన్ పర్మిషన్ అడుగుతుంది, అదైనా భరించొచ్చు. విచిత్రం ఏంటంటే మామూలుగా తెరిస్తే ఈ నెల ఎంట్రీలన్నీ కనిపిస్తాయి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరిస్తే పాత సంవత్సరం దగ్గరే ఆగిపోయినట్టు కనిపిస్తాయి. పక్క అమ్మాయి తన లాగిన్‌లో తెరిస్తే ఇంకోలా ఉంటుంది. డేటా పాడైందేమోనని భయంగా ఉంది, జీఎస్‌టీ రిటర్న్ వేయాలి.

హార్డ్‌వేర్_రాజమండ్రి

మేడమ్, డేటా పాడవ్వలేదు, రెండు మూడు చోట్లకి చీలింది. పాత 32 బిట్ ప్రోగ్రాములు ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయబోతే మామూలు హక్కులతో కుదరదు. అప్పుడు ఎర్రర్ ఇవ్వకుండా విండోస్ ఆ ఫైల్‌ని చప్పుడు చేయకుండా మీ అకౌంట్‌లో ఇంకో చోట రాయిస్తుంది. మీ యూజర్ ఫోల్డర్, యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్, దాని లోపల ప్రోగ్రామ్ ఫైల్స్ ఎక్స్86 అని ఉంటుంది చూడండి. మీరు రోజూ వేసే ఎంట్రీలన్నీ అక్కడ పడుతున్నాయి. అడ్మిన్‌గా తెరిచినప్పుడు ఈ మళ్లింపు ఉండదు కాబట్టి అసలు ఫోల్డర్‌లో ఉన్న పాత ఫైల్ కనిపిస్తుంది. పక్క అమ్మాయి లాగిన్‌కి ఆమెదైన వర్చువల్‌స్టోర్ విడిగా ఉంటుంది. యాప్‌డేటా దాచి ఉంటుంది, వ్యూలో హిడెన్ ఐటమ్స్ టిక్ పెట్టుకోండి.

ప్రోగ్రామ్ మూసేసి, ముందు మూడు చోట్ల డేటానీ మూడు ఫోల్డర్లుగా పెన్‌డ్రైవ్‌లో వేరే పేర్లతో కాపీ తీసుకోండి. తేదీలు చూసి ఏది తాజాదో తేల్చుకోండి, పక్క అమ్మాయి వేసిన ఎంట్రీలు మాత్రం ఎవరో ఒకరు చూసి మళ్లీ వేసుకోవాలి, వాటిని కలిపే దారి లేదు. తేలాక తాజాది అసలు ఫోల్డర్‌లో పెట్టి, ఆ డేటా ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్, ఎడిట్, యూజర్స్ ఎంచుకుని మాడిఫై టిక్ పెట్టండి. తర్వాత రెండు లాగిన్‌లలోనూ వర్చువల్‌స్టోర్‌లో ఉన్న కాపీ పేరు మార్చండి, లేకపోతే ప్రోగ్రామ్ మళ్లీ దాన్నే తెరుస్తుంది. ఇక అందరికీ ఒకే డేటా కనిపిస్తుంది, ప్రాంప్ట్ కూడా రాదు.

హక్కు ఆ డేటా ఫోల్డర్‌కే ఇవ్వండి, ప్రోగ్రామ్ ఫోల్డర్ మొత్తానికి ఇవ్వొద్దు. అందరూ రాయగలిగే చోట ఈఎక్స్ఈ ఫైల్ (ప్రోగ్రామ్‌ని నడిపే ఫైల్) ఉంటే దాని స్థానంలో ఏ వైరస్ అయినా ఇంకోటి పెట్టొచ్చు, రేపు మీరే దాన్ని అడ్మిన్‌గా నడుపుతారు.

స్టూడియో_తెనాలి

రాజమండ్రి సర్, పిక్చర్స్ మొత్తం వచ్చేసింది. ఫెయిల్డ్ దగ్గర సున్నా. ఆల్బమ్ ఫోటోలు తెరిచి చూశాను, అన్నీ ఉన్నాయి, ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. అదే ధైర్యంతో రెండో పార్టిషన్ మొత్తం కూడా కొత్త ఫోల్డర్‌లోకి రోబోకాపీ చేశాను. కాపీ అయిందని పట్టిక చూపిస్తోంది, డ్రైవ్‌లో ఖాళీ కూడా తగ్గింది, కానీ ఆ ఫోల్డర్ మాత్రం ఎక్కడా కనిపించట్లేదు!

డాలస్_తెలుగు

ఉంది, దాక్కుంది. డ్రైవ్ మొదటి మెట్టు నుంచి, అంటే ఏ ఫోల్డర్ పేరూ లేకుండా డ్రైవ్ అక్షరం నుంచే రోబోకాపీ చేస్తే ఆ డ్రైవ్ రూట్‌కి ఉన్న హిడెన్, సిస్టమ్ గుర్తులు కొత్త ఫోల్డర్‌కి అంటుకుంటాయి. కమాండ్ విండోలో అట్రిబ్ అని ఇంగ్లీషులో కొట్టి, మైనస్ హెచ్, మైనస్ ఎస్, తర్వాత ఆ ఫోల్డర్ దారి కోట్స్‌లో ఇవ్వండి. వెంటనే కనిపిస్తుంది.

స్టూడియో_తెనాలి

వచ్చింది వచ్చింది! హమ్మయ్య.

డీటీపీ_కరీంనగర్

మంచి చర్చ నడుస్తోంది, నా ప్రశ్న కూడా అడుగుతా. శుభలేఖలు, కరపత్రాలు చేస్తాను, ఇప్పటికీ పేజ్‌మేకర్ 7 మీదే పని, పాత ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి కాబట్టి మార్చలేం. కొత్త సిస్టమ్‌లో ఒకాయన ఇన్‌స్టాల్ చేసిచ్చి, షార్ట్‌కట్‌కి ఎప్పుడూ అడ్మిన్‌గా నడిచేలా టిక్ పెట్టాడు. అప్పటి నుంచి రెండు ఇబ్బందులు. తెలుగు టైపింగ్ టూల్ నోట్‌ప్యాడ్‌లో పనిచేస్తుంది, పేజ్‌మేకర్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాలే పడతాయి. ఫోల్డర్ నుంచి బొమ్మని లాగి పేజీలో వదులుదామంటే అడ్డగీత గుర్తు వస్తుంది. ఫాంట్లు కూడా వేస్తే కొన్ని ప్రోగ్రాముల్లో కనిపిస్తున్నాయి, కొన్నిట్లో లేవు. సాఫ్ట్‌వేర్ పాతదైపోయింది, అంతే అంటున్నారు అందరూ.

డాలస్_తెలుగు

పాతదే, 2001లో వచ్చింది, కానీ మీ మొదటి రెండు ఇబ్బందులకీ వయసు కారణం కాదు, ఆ అడ్మిన్ టిక్కే కారణం. మామూలు హక్కులతో నడిచే ప్రోగ్రామ్ అడ్మిన్‌గా నడిచే ప్రోగ్రామ్ విండోకి కీలు, మెసేజ్‌లు పంపకుండా విండోస్ అడ్డుకుంటుంది. టైపింగ్ టూల్ మామూలుగా నడుస్తోంది, పేజ్‌మేకర్ అడ్మిన్‌గా నడుస్తోంది, అందుకే మీరు కొట్టే కీలని ఆ టూల్ అందుకోలేకపోతోంది. ఎక్స్‌ప్లోరర్ కూడా మామూలు హక్కులతోనే ఉంటుంది కాబట్టి దాని నుంచి లాగి వదలడం కుదరదు. ఇదే ప్రయోగం నోట్‌ప్యాడ్‌ని అడ్మిన్‌గా తెరిచి చేసి చూడండి, దాంట్లోకి కూడా ఫైల్ లాగలేరు.

షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో ఆ టిక్ తీసేయండి. తీశాక పేజ్‌మేకర్ ఏదైనా రాయలేక ఎర్రర్ ఇస్తే, నెల్లూరు మేడమ్‌కి చెప్పినట్టు అది రాసే ఫోల్డర్ ఒక్కదానికే మాడిఫై ఇవ్వండి. అదీ కుదరకపోతే టైపింగ్ టూల్‌ని కూడా అడ్మిన్‌గానే నడపండి. రెండూ ఒకే మెట్టు మీద ఉండాలి, అదొక్కటే షరతు.

ఫాంట్ల సంగతి. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి ఫాంట్ మీద ఊరికే ఇన్‌స్టాల్ నొక్కితే అది మీ అకౌంట్ వరకే పడుతుంది, అడ్మిన్ పర్మిషన్ అడగదు. పాత ప్రోగ్రాములు కొన్ని విండోస్‌లోని ఫాంట్స్ ఫోల్డర్ ఒక్కటే చూస్తాయి. ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్ ఎంచుకోండి, విండోస్ 11లో అయితే షో మోర్ ఆప్షన్స్ కింద ఉంటుంది. అప్పుడు ప్రాంప్ట్ వస్తుంది, ఎస్ అనాల్సిన ప్రాంప్ట్ అదే.

డీటీపీ_కరీంనగర్

టిక్ తీసేశా అన్నా, తెలుగు పడుతోంది! బొమ్మలు కూడా లాగితే వస్తున్నాయి. ఇన్ని రోజులూ వేరే దాంట్లో టైప్ చేసి ఇక్కడ పేస్ట్ చేసుకుంటున్నా. ఫాంట్లు ఇప్పుడు వేస్తున్నా.

కూకట్‌పల్లి_కుర్రాడు

సరే అన్నా, డ్రైవ్ మొత్తానికి కొట్టే అలవాటు మానేస్తా. రెండు డౌట్లు. ఎక్స్‌ప్లోరర్‌నే అడ్మిన్‌గా తెరిస్తే ప్రతి ఫోల్డర్‌కీ అడగదు కదా, కానీ రన్ యాజ్ అడ్మిన్ ఇచ్చినా తేడా ఏమీ కనిపించట్లేదు. ఇంకోటి, సి డ్రైవ్‌లో డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ అని ఒక ఫోల్డర్ ఉంది, ఎంత చేసినా యాక్సెస్ డినైడ్ అంటుంది. అందులో ఏముంది?

హార్డ్‌వేర్_రాజమండ్రి

రెండోది ముందు. అందులో ఏమీ లేదు తమ్ముడూ, అసలది ఫోల్డరే కాదు. ఎక్స్‌పీ కాలం ప్రోగ్రాములు ఆ పేరు వెతుక్కుంటాయని యూజర్స్‌కి దారి చూపించేలా ఒక లింక్ పెట్టారు. ఎవరూ లోపల జాబితా చూడకుండా కావాలనే డినై రాసి ఉంచారు. డాక్యుమెంట్స్‌లో మై మ్యూజిక్, మై పిక్చర్స్ అని దాచి ఉండేవి కూడా అలాంటివే. వాటి హక్కులు మార్చొద్దు. మార్చితే కాపీలు తీసే ప్రోగ్రాములు వాటిలో దూరి, అక్కడే గుండ్రంగా తిరుగుతాయి. పైన రోబోకాపీలో ఎక్స్‌జే పెట్టమన్నది ఇలాంటి లింక్‌లని వదిలేయమని చెప్పడానికే.

ఎక్స్‌ప్లోరర్ మామూలుగా అడ్మిన్‌గా తెరుచుకోదు, అప్పటికే నడుస్తున్న దానికే పని అప్పగించేస్తుంది. నిజంగా అవసరమైనప్పుడు డబుల్ కమాండర్, టోటల్ కమాండర్ లాంటి ఫైల్ మేనేజర్‌ని అడ్మిన్‌గా తెరిచి, పని చూసుకుని మూసేయ్. హక్కులేమీ మారకుండా పని అయిపోతుంది. మ్యాప్ చేసిన నెట్‌వర్క్ డ్రైవ్‌లు అందులో కనిపించకపోవచ్చు, అది మామూలే, నెట్‌వర్క్ దారి పూర్తిగా టైప్ చేస్తే వస్తుంది.

లెక్కలు_నెల్లూరు

సర్, వర్చువల్‌స్టోర్‌లో దొరికాయి! ఏప్రిల్ నుంచి అన్నీ అక్కడే ఉన్నాయి. కాపీలు తీసుకుని, మీరు చెప్పినట్టే మాడిఫై ఇచ్చాను. ఇప్పుడు ఎలా తెరిచినా ఒకే లెక్క కనిపిస్తోంది. పక్క అమ్మాయివి కొన్ని వోచర్లు మళ్లీ వేసుకోవాలి, పర్వాలేదు. ఒకటి అడగాలి. పాత బ్యాలెన్స్‌షీట్ ఎక్సెల్ ఫైల్ ఒకటి డిలీట్ అవ్వట్లేదు. సెక్యూరిటీలో నాకు ఫుల్ కంట్రోల్ ఉంది.

హార్డ్‌వేర్_రాజమండ్రి

మెసేజ్‌లో పర్మిషన్ అని ఉందా, లేక ఫైల్ ఇంకో ప్రోగ్రామ్‌లో ఓపెన్ అయి ఉందని ఉందా మేడమ్? ఓపెన్ అని ఉంటే అది హక్కుల గొడవ కాదు, అడ్మిన్‌గా చేసినా పోదు. ఎక్సెల్ మూసేసినా వెనకాల నడుస్తూ ఉంటుంది ఒక్కోసారి, టాస్క్ మేనేజర్‌లో చూడండి. లేకపోతే రిసోర్స్ మానిటర్ తెరిచి, సీపీయూ ట్యాబ్‌లో అసోసియేటెడ్ హ్యాండిల్స్ దగ్గర ఫైల్ పేరు కొట్టండి, ఎవరు పట్టుకున్నారో చూపిస్తుంది.

లెక్కలు_నెల్లూరు

అవును సర్, ఓపెన్ అనే ఉంది. ఎక్సెల్ వెనకాల నడుస్తోంది. ముగించాక డిలీట్ అయింది.

స్టూడియో_తెనాలి

సర్, ఇంకొక్కటి. షాపులో ఇద్దరు కుర్రాళ్లు ఎడిటింగ్ చేస్తారు. వాళ్లకి విడిగా లాగిన్‌లు ఇవ్వాలా, నా అడ్మిన్ లాగిన్ ఇచ్చేస్తే సరిపోతుందా? విడిగా ఇస్తే ప్రతిదానికీ నా పాస్‌వర్డ్ అడుగుతుందేమోనని. ఆ పాత డిస్క్‌లో డిలీట్ కాని ఫోల్డర్ కూడా అలాగే ఉంది.

హార్డ్‌వేర్_రాజమండ్రి

విడిగా స్టాండర్డ్ అకౌంట్లే ఇవ్వండి. పని ఫైళ్లన్నిటికీ డి డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ పెట్టి, సెక్యూరిటీలో యూజర్స్‌కి మాడిఫై ఇస్తే ముగ్గురూ అందులో ఏం చేసుకున్నా ప్రాంప్ట్ రాదు. సి డ్రైవ్ మొదటి మెట్టులో పెట్టొద్దు, అక్కడ మామూలు యూజర్‌కి ఫోల్డర్ చేయడానికి హక్కు ఉంటుంది గానీ నేరుగా ఫైల్ పెట్టడానికి ఉండదు, ఫోటోషాప్‌లో సేవ్ చేయబోతే ఎర్రర్ వస్తుంది. ఇంకో చోట నుంచి ఫైళ్లు ఆ ఫోల్డర్‌లోకి తెచ్చేటప్పుడు కట్ చేయకుండా కాపీ చేయమనండి. ఒకే డ్రైవ్‌లో కట్ పేస్ట్ చేస్తే పాత హక్కులు వెంట వస్తాయి, ఒకళ్లు పెట్టింది ఇంకొకళ్లకి తెరుచుకోదు. ఇలా పెట్టుకున్నాక కూడా ఎప్పుడైనా పాస్‌వర్డ్ అడిగిందంటే వాళ్లు ఏదో ఇన్‌స్టాల్ చేయబోతున్నారని అర్థం. అప్పుడు మీరే వెళ్లి పబ్లిషర్ పేరు చూడండి, పసుపు పట్టీతో అన్‌నోన్ అని ఉంటే నో అనండి.

పాత డిస్క్‌లో ఆ ఒక్క ఫోల్డర్ కోసం కుస్తీ పట్టకండి. కాపీ చేసినవన్నీ ఇంకో డిస్క్‌లో కూడా ఒకటి ఉంచుకుని, ఒక్కో ఆల్బమ్ తెరిచి సరిచూసుకుని, డెలివరీలు అయిపోయాక డిస్క్ మొత్తం ఫార్మాట్ చేయండి. ఫార్మాట్‌కి ఎస్ఐడీలతో పని లేదు. పార్టిషన్ అక్షరం మాత్రం రెండుసార్లు చూసుకుని నొక్కండి.